ఫోనోగ్రాఫు గొంతుని గుర్తుపట్టడం ఎలా?

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



పోయినసారి ఈ కార్యక్రమంలో "మీ ఇంట్లో వాడకుండా పడున్న పాత వస్తువేమిటి?" అని అడిగితే, ఫోన్ చేసినవాళ్ళలో ముగ్గురు గ్రామఫోను పేరే చెప్పారు. అందులో ఒకాయన "మా తాతగారి కాలం నాటి సూదేనండీ, ఇంతవరకూ మార్చలేదు, ఇప్పటికీ బ్రహ్మాండంగా పాడుతోంది" అన్నారు. కారు నడుపుతూ వింటున్నాను. గుండె గుభేలుమంది. నిర్వాహకులకి ఫోన్ చేసి, నాకు ఓ అరగంట ఇవ్వండి అని నేనే అడిగాను.

నా గురించి రెండు ముక్కలు. ఉద్యోగం ఐటీ కన్సల్టింగు, చదివింది కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్. ఈ పాత యంత్రాలకీ నా చదువుకీ ఏ సంబంధమూ లేదు. ఉన్నదల్లా ఊరి సంబంధం. నేనుండేది న్యూజెర్సీలో ఎడిసన్. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనుక్కుని, ఇడ్లీ తిని, ఇంటికెళ్ళిపోయే మనవాళ్ళలో చాలామందికి, ఆ పక్కనే క్రిస్టీ స్ట్రీట్‌లో చివర బల్బు పెట్టిన 130 అడుగుల స్తంభం ఎందుకుందో తెలియదు. నాకూ నాలుగేళ్ళ పాటు తెలియదు. థామస్ ఎడిసన్ మెన్లో పార్క్ ప్రయోగశాల ఉన్న చోటది. 1877లో మనిషి మాటని రేకు మీద గీసి, మళ్ళీ అదే రేకు నుంచి పలికించింది అక్కడే. రారిటన్ టౌన్‌షిప్ అన్న పాత పేరు తీసేసి, 1954లో ఈ ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. ప్రయోగశాల మాత్రం అక్కడ లేదు. హెన్రీ ఫోర్డ్ దాన్ని మిషిగన్‌లోని తన మ్యూజియం ఆవరణలో మళ్ళీ కట్టించాడు. ఒక ఆదివారం పిల్లని తీసుకుని ఆ స్తంభం చూడ్డానికి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన కీ ఇచ్చి ఫోనోగ్రాఫు పాడించి చూపించాడు. అంతే, పిచ్చి పట్టుకుంది.

ఇవాళ నేను మాట్లాడబోయేది మొత్తం యంత్రం గురించి కాదు. అందులో అరచేతిలో పట్టే ఒక గుండ్రటి లోహపు బిళ్ళ గురించి. ఎడిసన్ ఫోనోగ్రాఫులో దాన్ని రిప్రొడ్యూసర్ అంటారు, పళ్ళెం రికార్డులు పాడే గ్రామఫోనులో సౌండ్ బాక్స్ అంటారు. పెట్టె, బూర, స్ప్రింగు ఎంత బాగున్నా పలికేది ఇదే. రికార్డుని చంపేదీ ఇదే.

చిన్నప్పుడు అగ్గిపెట్టెలకి దారం కట్టి టెలిఫోను ఆట ఆడుకున్నాం కదా? రిప్రొడ్యూసర్ అదే సూత్రం. కింద ఒక మొన ఉంటుంది, స్టైలస్ అంటారు. అది రికార్డు మీది గాడిలో నడుస్తుంది. గాడిలో ఎగుడుదిగుళ్ళకి మొన కదులుతుంది, ఆ కదలికని ఒక సన్నటి కడ్డీ పైనున్న పల్చటి పొరకి అందిస్తుంది. ఆ పొర పేరు డయాఫ్రం. పొర కొట్టుకుంటే గాలి కొట్టుకుంటుంది, బూర దాన్ని పెద్దది చేస్తుంది. కరెంటు లేదు, యాంప్లిఫయర్ లేదు. అంటే గది నిండే ఆ శబ్దానికి కావలసిన శక్తంతా గాడి గోడల్ని మొన ఒత్తి రాబట్టాల్సిందే. ఆ ఒత్తిడిని తట్టుకోవాలంటే గాడికీ మొనకీ కొలత కుదరాలి. కుదరకపోతే మొన గాడిలో నడవదు, దున్నుతుంది.

నేను దున్నేశాను. ఆ సంగతి ముందు చెప్తాను.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. అప్పటికే ఎనభై దాటింది, ఒంటరిగా ఉండేది. దీపావళికి మా ఆవిడ పంపిన లడ్డూలు తిని, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అందులో యాపిల్స్ వేసి పంపే మనిషి. మన అమ్మమ్మల పద్ధతే. నేను గరాజ్‌లో ఫోనోగ్రాఫు విప్పుకుని కూర్చోవడం చూసి, ఒకరోజు చెప్పుల పెట్టె లాంటిదొకటి తెచ్చింది. లోపల అట్ట గొట్టాల్లో మైనపు సిలిండర్లు, ఎనిమిది. ఏడు కొన్నవి. ఎనిమిదోది గోధుమరంగులో ఉంది, పేరూ నెంబరూ లేవు. వాళ్ళ అమ్మ చిన్నప్పుడు ఇంట్లో రికార్డు చేసిందట. ఎడిసన్ యంత్రాలకి ఆ సౌకర్యం ఉండేది. ఖాళీ మైనపు సిలిండరు కొనుక్కుని, రిప్రొడ్యూసర్ తీసి రికార్డర్ పెట్టి, బూరలోకి మాట్లాడితే చాలు. "అరవై ఏళ్ళుగా నేను వినలేదు, నువ్వేమైనా పలికించగలవా?" అని అడిగింది.

నా దగ్గరున్నది ఎడిసన్ స్టాండర్డ్ అనే మోడల్. రిప్రొడ్యూసర్ మీద "సి" అన్న అక్షరం స్పష్టంగా ఉంది. పుస్తకంలో చూసుకున్నాను, సి అంటే రెండు నిమిషాల సిలిండర్లకి. ఇంటి రికార్డింగు రెండు నిమిషాల గాడిదే. అంతా సరిపోయిందనుకుని పెట్టాను.

ఒక మగ గొంతు ఒక్కొక్క పిల్లనీ పేరు పెట్టి పిలిచింది. ఒక్కొక్కరూ వచ్చి గుడ్‌నైట్ చెప్పి వెళ్ళారు. చివర ఒక చిన్న గొంతు చెప్పలేక నవ్వేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు, పరుగెత్తుకెళ్ళి ఆవిడని తీసుకొచ్చాను. రెండోసారి పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది, ఆ నవ్వు దగ్గర "అమ్మ" అంది. మూడోసారి ఫోన్‌లో రికార్డు చేద్దామని పెట్టాను. అప్పటికి గరగర ఎక్కువైంది. నాలుగోసారికి పేర్లు వినిపించలేదు. సిలిండరు మీద లేత దుమ్ము గీతలు గీతలుగా పడి ఉంది. అది దుమ్ము కాదు. వాళ్ళమ్మ గొంతు.

ఆవిడ ఏమీ అనలేదు. పైగా నన్నే ఓదార్చింది. ఆ రాత్రి రిప్రొడ్యూసర్ విప్పి భూతద్దం కింద పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. పైనున్న బిళ్ళ సి మోడలే. కింద మొన మాత్రం నాలుగు నిమిషాల సిలిండర్లది. నా కంటే ముందు, ఎప్పుడో ఎవరో మార్చేశారు. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నంత మాత్రాన లోపల పీడీఎఫ్ ఉందని నమ్మకూడదని జూనియర్లకి పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ మాట నాకే గుర్తు రాలేదు.

అంచేత ఇప్పుడు చెప్పబోయేదంతా మొన దగ్గర మొదలవుతుంది.

ఎడిసన్ సిలిండర్లలో మనకి ముఖ్యంగా తగిలేవి నాలుగు రకాలు. 1902కి ముందువి ఎక్కువగా గోధుమరంగు మైనం, చాలా మెత్తన. 1902 నుంచి అచ్చుపోసిన నల్ల మైనం, గట్టిది. ఈ రెండింటికీ అంగుళానికి 100 గాళ్ళు, రెండు నిమిషాలు పాడతాయి. 1908లో ఆంబరాల్ అనే నల్ల మైనపు సిలిండర్లు వచ్చాయి. అంగుళానికి 200 గాళ్ళు, నాలుగు నిమిషాల పాట. సైజు అదే, వేగం అదే, నిమిషానికి 160 చుట్లు. గాడి మాత్రం సగం వెడల్పు. 1912లో బ్లూ ఆంబరాల్ వచ్చింది. ఇదీ నాలుగు నిమిషాలదే, కానీ మైనం కాదు. లోపల ప్లాస్టర్, పైన నీలంరంగు సెల్యులాయిడ్. కంపెనీ 1929లో ఈ వ్యాపారం మూసేసేదాకా అవే నడిచాయి.

దీన్నిబట్టి మొనలు కూడా మూడు రకాలని తేలిపోతుంది. రెండు నిమిషాల వెడల్పు గాడికి ఒకటి, నాలుగు నిమిషాల సన్నగాడికి ఒకటి, గట్టి సెల్యులాయిడ్‌కి ఒకటి. మొదటి రెండూ నీలమణి, మూడోది వజ్రం. నిజం నీలమణే, నిజం వజ్రమే. మన కంసాలి చూస్తే నవ్వుతాడు, అంత చిన్నవి.

రెండు నిమిషాల మొన ఉన్నది మోడల్ సి. సంతల్లో ఎక్కువగా దొరికేది, చవకైనది ఇదే. నాలుగు నిమిషాల మొన ఉన్నది మోడల్ హెచ్. 1908లో కొత్త సిలిండర్లు వచ్చినప్పుడు, పాత యంత్రం ఉన్నవాళ్ళు దాన్ని పారేయకుండా, గేర్లు మార్చుకునే సామానుతో పాటు ఈ హెచ్‌ని కూడా అమ్మారు. సి, హెచ్ పక్కపక్కన పెడితే కవల పిల్లలు. అదే గుండ్రటి బిళ్ళ, అదే వేలాడే బరువు. ఆ బరువు ఆకారాన్ని బట్టి సేకర్తలు దాన్ని చేపతోక అంటారు. బిళ్ళ మీద అక్షరం, వరుస నెంబరు ఉంటాయి. కానీ ఈ బరువూ మొనా ఒక చిన్న ఇరుసు మీద వేలాడుతుంటాయి. ఇరుసు లాగితే ఊడి వస్తాయి, ఇంకోదానికి ఎక్కుతాయి. నూరేళ్ళలో ఎన్ని చేతులు మారి ఉంటుంది? ఒకరు రెండు పాడైనవి కలిపి ఒక మంచిది చేసుకుని ఉంటారు. మోసమేమీ కాదు, మన ఊళ్ళో సైకిల్ షాపు వాడు చేసే పనే. పైగా హెచ్ కొంచెం తక్కువగా దొరుకుతుంది, ధర ఎక్కువ. కనక అక్షరాన్ని నమ్ముకుని డబ్బు పెట్టడం కూడా అమాయకత్వమే.

మొన ఎలా చూడాలి? నగల దుకాణంలో కంటికి పెట్టుకునే భూతద్దం చాలు, పది రెట్లు పెద్దగా చూపేది. రిప్రొడ్యూసర్‌ని బోర్లా తిప్పి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకోండి. రెండు నిమిషాల మొన చొక్కా గుండీలా, తలుపు పిడిలా బొద్దుగా ఉంటుంది. నాలుగు నిమిషాలది దానికంటే బాగా చిన్నది. ఆవగింజ పక్కన గసగసాల గింజ పెట్టినట్టు. అసలు సైజు అంతకంటే చిన్నదేగానీ పోలిక అది. ఒక్కటే చూస్తే తెలియడం కష్టం. రెండూ పక్కపక్కన చూసిన కన్ను మళ్ళీ పొరబడదు. అందుకే మొదటిసారి కొనేవాళ్ళు, ఎవరైనా సేకర్త దగ్గరకెళ్ళి ఖచ్చితంగా తెలిసిన సి ఒకటీ, హెచ్ ఒకటీ చూసి రావడం మంచిది. నేను చూసినంతలో వీళ్ళు అడిగితే ఆనందంగా చూపిస్తారు. ఆపమంటే ఆపరు, అదొక్కటే కష్టం.

తారుమారైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. రెండు నిమిషాల మొనని నాలుగు నిమిషాల సిలిండరు మీద పెడితే అది గాడిలో పట్టదు, రెండు గాళ్ళ మీద అడ్డంగా పడుతుంది. పాట సరిగ్గా రాదు కాబట్టి మనం వెంటనే ఆపేస్తాం, అది అదృష్టం. నాలుగు నిమిషాల మొనని రెండు నిమిషాల సిలిండరు మీద పెడితే పాట వస్తుంది! సన్నటి మొన వెడల్పు గాడి అడుక్కి దిగి, బరువంతా ఒక్క గీత మీద మోపి కోసుకుంటూ పోతుంది. మొదటిసారి బాగానే వినిపిస్తుంది. నాకు జరిగింది అదే. ఇంకో మాట. గోధుమరంగు మెత్తటి మైనానికి అసలైన సి మోడల్ కూడా బరువే. దానికి అంతకు ముందు తరం తేలిక రిప్రొడ్యూసర్లున్నాయి. ఇంట్లో చేసిన, ఇంకెక్కడా రెండో ప్రతి లేని సిలిండరుని అయితే వాటితో కూడా ముట్టుకోకూడదు. ఈ ముక్క నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన వాటిలో మోడల్ కె గుర్తుపట్టడం తేలిక. కింద రెండు మొనలుంటాయి, తిప్పుకునే ఏర్పాటు ఉంటుంది. ఒకవైపు రెండు నిమిషాలది, తిప్పితే నాలుగు నిమిషాలది. మోడల్ ఓ కూడా ఇలా రెండు మొనలదే, కానీ బిళ్ళ పెద్దది, పెద్ద యంత్రాలకే పడుతుంది. ఇందులో తిరకాసు ఏమిటంటే, ఒక మొన మంచిదై రెండోది చిట్లి ఉండొచ్చు. అమ్మేవాడు మంచి వైపే పాడించి చూపిస్తాడు. రెండూ చూడండి.

ఇక వజ్రం. డైమండ్ బి అనేది మామూలు ఎడిసన్ యంత్రాలకి పట్టేలా చేసినది, డైమండ్ సి ఆంబరోలా అనే పెట్టె యంత్రాలకి. వీటి బరువు చేతికే తెలుస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నీలం కంటే వజ్రం గొప్పది కదా, కాబట్టి అన్నిటికీ వజ్రమే మంచిది అనుకుంటారు. వజ్రం రిప్రొడ్యూసర్ గట్టి సెల్యులాయిడ్ కోసం పుట్టింది. దాన్ని నల్ల మైనం మీద పెట్టడమంటే తారురోడ్డు మీద తోలాల్సిన లారీని వరి మడిలోకి తోలడం. బ్లూ ఆంబరాల్‌ని నాలుగు నిమిషాల నీలంతో పాడించినా సిలిండరుకి ప్రమాదం లేదు, నీలం త్వరగా అరుగుతుంది అంతే. తేడా వస్తే మొన వైపు రావాలి గానీ రికార్డు వైపు రాకూడదు.

మరి సిలిండరు ఏ రకమో? నీలంరంగుది సులువు. నల్లవాటితోనే చిక్కు. ఎడిసన్ నల్ల సిలిండరు అంచు మీద పేరూ నెంబరూ చెక్కి ఉంటాయి. నెంబరు ముందు 4ఎం అని ఉంటే నాలుగు నిమిషాల మైనం. అయితే వేరే కంపెనీల వాళ్ళు నల్ల సెల్యులాయిడ్‌తో కూడా చేశారు. ఇండిస్ట్రక్టిబుల్ అనే పేరుతో వచ్చినవి అలాంటివే. వాటిని చూసి మైనమనుకుంటే నష్టమేమీ లేదు. మైనాన్ని చూసి సెల్యులాయిడ్ అనుకుంటేనే నష్టం. అనుమానమొస్తే మైనమే అనుకోండి. పట్టుకునేటప్పుడు కూడా, లోపలికి రెండు వేళ్ళు పెట్టి విప్పి పట్టుకోవాలి, పైన చెయ్యి తగలకూడదు. చలికాలం పూట చేతి వెచ్చదనానికే పాత మైనం ఫట్టున పగిలిన సందర్భాలున్నాయి.

అన్నిటికంటే భయంకరమైన పొరపాటు ఇంకోటుంది. పెట్టె అడుగున రిప్రొడ్యూసర్ లాంటిదే మరో గుండ్రటి బిళ్ళ దొరుకుతుంది. అరె, స్పేరు కూడా ఇచ్చారే అని సంబరపడతాం. అది రికార్డర్ కావచ్చు. దాని మొన చివర నున్నగా ఉండదు, గోరులాగా కొరికే అంచు ఉంటుంది. మైనాన్ని చెక్కడానికే చేసిన పనిముట్టు అది. దాన్ని పాట ఉన్న సిలిండరు మీద దింపితే పాట పోతుంది, బదులుగా మీ గరాజ్ చప్పుళ్ళు దాని మీద పడతాయి. భూతద్దం కింద నున్నటి గుండ్రటి మొన కనిపిస్తేనే రిప్రొడ్యూసర్. పదునుగా, దోసిలిలాగా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

సరైన మొనే అయినా అరిగిందో లేదో చూడాలి. నీలం మీద చదునైన మచ్చ గానీ, చిట్లిన అంచు గానీ కనిపిస్తే అది ఇక మొన కాదు, ఉలి. భూతద్దంలో తేలకపోతే, పాటా మాటా పనికిరాని ఒక నల్ల సిలిండరు పెట్టుకోండి, సంతల్లో డాలరుకో రెండు డాలర్లకో దొరుకుతాయి. పది చుట్లు తిరగనిచ్చి ఆపి, వెలుతుర్లో ఏటవాలుగా చూడండి. మొన నడిచిన మేర బూడిదరంగు గీత కనిపించినా, పొడి రాలినా ఆ రిప్రొడ్యూసర్‌ని ఆ రోజుకి పక్కన పెట్టేయాలి. లోపల డయాఫ్రం చుట్టూ ఉండే రబ్బరు నూరేళ్ళకి రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడు పొర కదలక మొన ఇంకా గట్టిగా తన్నుతుంది. రబ్బరు మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు. సేకర్తలు కొందరు మొహమాటం కొద్దీ "అసలు సిసలు పాత రబ్బరు" అని దాన్నే ఉంచేస్తారు. అది మాత్రం నాకు అర్థం కాని భక్తి.

ఇక మనవాళ్ళ ఇళ్ళల్లో ఉండేది సిలిండర్లు కాదు, పళ్ళెం రికార్డులు. అక్కడ మొదటి గుర్తు చాలా తేలిక. డయాఫ్రం ఎటు చూస్తోందో చూడండి. రికార్డు మీద కంచంలా బోర్లా పడుకుని ఉంటే, అది గాడిలో పైకీ కిందకీ కదిలే రికార్డులకి. ఎడిసన్ 1912లో తెచ్చిన డైమండ్ డిస్క్ అలాంటిది. అంచున రూపాయి బిళ్ళ నిలబెట్టినట్టు నిలువుగా ఉంటే, అది గాడిలో పక్కలకి కదిలే మామూలు రికార్డులకి. మన హెచ్ఎంవీ తెలుగు రికార్డులన్నీ రెండో రకం. ఒకదాని మీద ఇంకోటి వాడకూడదు. డైమండ్ డిస్క్ పావు అంగుళం మందం, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. దాని మీద ఉక్కు సూది దించారా, ఇక అంతే.

నిలువు సౌండ్ బాక్సుల్లో పాతవాటికి డయాఫ్రం అభ్రకం. మాది నెల్లూరు జిల్లా గూడూరు. అభ్రకం గురించి మావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, గనుల పక్కన పెరిగినవాళ్ళం. విక్టర్ కంపెనీ, గ్రామఫోన్ కంపెనీ వాళ్ళ ఎగ్జిబిషన్ అనే సౌండ్ బాక్సు ఈ తరంలో ప్రసిద్ధం. పేరు దాని మొహం మీదే ఉంటుంది. తర్వాత హెచ్ఎంవీ 4వ నెంబరు కూడా అభ్రకమే. ఎదురుగా పట్టుకుంటే లోపలికి కనిపిస్తుంది. అంచున తెల్లటి మరక ఉంటే పొరలు విడుతున్నాయని అర్థం. 1925లో మైకుతో, కరెంటుతో రికార్డు చేయడం వచ్చాక, ఆ గట్టి శబ్దాలకి అభ్రకం చాలలేదు. విక్టర్ వాళ్ళ ఆర్థోఫోనిక్, హెచ్ఎంవీ 5ఎ, 5బి సౌండ్ బాక్సుల్లో పల్చటి అల్యూమినియం రేకు, మడతలు మడతలుగా ఒత్తి ఉంటుంది. ఈ తరం వాటిలో చాలావాటికి ఒంటికి వచ్చిన జబ్బు ఒకటుంది. జింకు కలిపిన నాసిరకం లోహంతో పోత పోయడం వల్ల, కాలం గడిచేకొద్దీ ఉబ్బి, పగుళ్ళిస్తుంది. వెనకనుంచి సన్నటి వెంట్రుక పగుళ్ళున్నాయేమో చూసి గానీ కొనకండి. విప్పబోతే ముక్కలవుతుంది.

కొత్తగా చేసిన పాత గ్రామఫోనుల సంగతి కూడా చెప్పకపోతే తప్పు. నేను అన్నా అని పిలిచే మిత్రుడొకాయన, ఇండియా వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో తళతళలాడే ఇత్తడి బూర, ఆరు పలకల పెట్టె, మీద కుక్కబొమ్మ బిళ్ళ ఉన్న గ్రామఫోను కొన్నాడు. "1910 నాటిది తమ్ముడూ, రసీదు మీద రాసిచ్చాడు" అన్నాడు. చూడగానే తెలిసింది. ఇలాంటివి మన దేశంలో వేలకొద్దీ తయారై ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఇక్కడి సేకర్తలు వాటికి పెట్టిన మోటు పేరు నేను రేడియోలో చెప్పలేను. ఆ పేరు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది గానీ, అబద్ధమని అనలేను. అన్న మొహం చూసి ఎలా చెప్పాలా అనుకుంటూ సౌండ్ బాక్సు తీసి చూశాను. దాని మీద 5బి అని ఉంది. పెట్టె నిన్నటిది, బూర నిన్నటిది, బిళ్ళ నిన్నటిది. సౌండ్ బాక్సు ఒక్కటే నిజం. ఏదో పాత పోర్టబుల్ గ్రామఫోనుని విప్పి పెట్టారు. ఆ మాటే చెప్పాను. "అంటే 1910 కాదా?" అన్నాడు. 5బి వచ్చేసరికి 1910 దాటి దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళన్నా అయి ఉంటుందన్నా, అన్నాను. ఇప్పుడు ఆ పెట్టె మీద మనీప్లాంటు పెట్టుకున్నాడు. సౌండ్ బాక్సు నాకిచ్చాడు, రబ్బరు మార్చి వాడుతున్నాను.

ఫోన్ చేసినాయన సూది దగ్గరికి వస్తాను. ఉక్కు సూది ఒక్క వైపు పాడటానికే. లక్కతో చేసిన రికార్డుల్లో సూదిని తమకి తగ్గట్టు అరగదీసుకోవడానికే గరుకు పొడి కలుపుతారు. మూడు నిమిషాల్లో అరిగిన ఆ సూది, రెండో పాటకి ఉలి అయిపోతుంది. సౌండ్ బాక్సు మోపే బరువు నూరు గ్రాముల పైమాటే. సార్, మీ తాతగారి సూది ఆయనతో పాటే ఉంచేయండి. కొత్త సూదులు డబ్బా వందకి కొన్ని డాలర్లే. రికార్డుకి రెండు వైపులు, రెండు సూదులు.

పక్కింటావిడ రెండేళ్ళ కిందట పోయింది. పోయేముందు ఆ గోధుమరంగు సిలిండరు నా దగ్గరే ఉంచమని వాళ్ళబ్బాయికి చెప్పిందట. బర్క్‌లీ లాబ్‌లో కార్ల్ హేబర్, విటాలీ ఫడెయెవ్ అనే శాస్త్రజ్ఞులు మొదలుపెట్టిన ఐరీన్ అనే పద్ధతి ఉంది. మొన ఆనించకుండా, గాడిని ఫొటోలు తీసి కంప్యూటరులో శబ్దంగా మారుస్తారు. మసాచుసెట్స్‌లో ఈశాన్య రాష్ట్రాల పత్ర సంరక్షణ కేంద్రం వాళ్ళు బయటివాళ్ళకి కూడా చేసిపెడతారు. నేను కోసేసిన గాడి అడుగున ఏమీ మిగిలి ఉండకపోవచ్చు. గోడల మీద, మొన తగలని చోట, ఎంతో కొంత ఉండొచ్చు. పంపాలంటే వాళ్ళబ్బాయి సంతకం కావాలి. కాగితాలు మొన్న వచ్చాయి. చలి తగ్గాక, పోస్టులో కాకుండా, నేనే కారులో తీసుకెళ్దామనుకుంటున్నాను.

మీ దగ్గర రిప్రొడ్యూసర్ గానీ సౌండ్ బాక్సు గానీ ఉంటే, మొనని పక్కనుంచి ఒక ఫొటో, మొహాన్ని ఎదురుగా ఒక ఫొటో తీసి ఈ కార్యక్రమం వాళ్ళకి పంపండి, నాకు చేరుస్తారు. నా జవాబు వచ్చేదాకా మాత్రం పాడించకండి.